కోడ్ రాసేవాళ్ళకో చిట్టా: రోజూ ఏం రాసుకోవాలి, ఎలా రాసుకోవాలి

మా నాన్నకి తెనాలిలో కిరాణా కొట్టు ఉండేది. గల్లాపెట్టె పక్కన రెండు పుస్తకాలు పెట్టుకునేవాడు. ఒకటి చిట్టా. పొద్దున కొట్టు తీసిన దగ్గర్నుంచి ఏది జరిగితే అది, జరిగిన వరసలోనే, ఎవరికి ఎంత అరువిచ్చాడు, నూనె డబ్బా ఎంతకి దిగింది, అన్నీ గజిబిజి రాతలో ఉండేవి. రెండోది ఆవర్జా. రాత్రి షట్టర్ దించాక చిట్టా ముందు పెట్టుకుని, ఎవరి పద్దు వాళ్ళ పేజీలోకి ఎక్కించేవాడు, ఈసారి గుండ్రటి అక్షరాలతో. నేను హైదరాబాద్ వచ్చి కోడ్ రాయడం మొదలుపెట్టి పన్నెండేళ్ళు దాటింది. మొదటి నాలుగేళ్ళు ఏదీ రాసి పెట్టుకోలేదు, అన్నీ గుర్తుంటాయన్న పొగరు. ఒకే తప్పుని ఆర్నెల్ల తేడాతో రెండుసార్లు, రెండుసార్లూ రెండేసి రోజులు వెతికాక ఆ పొగరు దిగింది. ఇప్పుడు నేను వాడుతున్నది నాన్న పద్ధతే, పుస్తకం బదులు టెక్స్ట్ ఫైలు, అంతే తేడా.

ఇది ఎలా పెట్టుకోవాలో చెబుతాను. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకి ఎక్కువ పనికొస్తుంది, అనుభవం ఉన్నవాళ్ళు ఉదాహరణల దాకా దూకేయొచ్చు.

ఫైలు ఎక్కడ, ఏ రూపంలో

నోట్స్ యాప్‌లు నేను ఐదారు మార్చాను. రంగుల లేబుళ్ళు, ఫోల్డర్లు, లింకులు అన్నీ పెట్టుకుని, యాప్‌ని సర్దుకోవడమే ఒక పనైపోయి అసలు రాయడం మానేశాను. కాబట్టి మామూలు టెక్స్ట్ ఫైలు ఒక్కటి చాలు. విండోస్‌లో నోట్‌ప్యాడ్ వాడేవాళ్ళకి ఒక పాత చిట్కా ఉంది: ఫైలు మొట్టమొదటి లైన్లో చుక్క పెట్టి, వెంటనే లాగ్ అన్న ఇంగ్లిష్ మాటని మూడు పెద్ద అక్షరాల్లో కొట్టి సేవ్ చేయండి. ఇక ఆ ఫైలు తెరిచిన ప్రతిసారీ చివర్లో ఆ రోజు తేదీ, టైము దానంతట అదే పడుతుంది. మధ్యలో టైము కావాలంటే ఎఫ్5 నొక్కితే సరి.

లైనక్స్, మ్యాక్ వాళ్ళు టెర్మినల్ నుంచే ఎకో కమాండ్‌తో ఒక లైను ఫైలు చివర అతికించుకోవచ్చు. కానీ అక్కడ >> అని రెండు బాణాలు పెట్టాలి. ఒక్క బాణం పెడితే ఫైల్లో అప్పటిదాకా ఉన్నదంతా తుడుచుకుపోయి ఆ ఒక్క లైనే మిగులుతుంది. నాకు ఎలా తెలుసని అడగొద్దు. నాలుగు నెలల చిట్టా "టీకి వెళ్తున్నా" అన్న ఒక్క లైను కింద సమాధి అయింది. అప్పట్నుంచి ఆ కమాండ్‌కి ఒక పొట్టి పేరు పెట్టి, బాణాలు చేత్తో కొట్టే అవసరం లేకుండా చేసుకున్నాను. ఫైలు ఉన్న ఫోల్డర్‌ని గిట్‌లో కూడా పెట్టాను. గిట్ అంటే ఫైళ్ళ పాత రూపాలన్నీ దాచిపెట్టే ప్రోగ్రాం, అలా ఒకసారి దాస్తే ఒక కమిట్. రోజుకో కమిట్.

తేదీ మాత్రం ఎప్పుడూ ఒకే పద్ధతిలో రాయండి: ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు, 2024-07-16 లాగా. 7/8 అని రాస్తే అది మనకి ఆగస్టు ఏడు, అమెరికా టీమ్‌కి జులై ఎనిమిది. పైగా సంవత్సరం ముందు పెడితే వరస దానంతట అదే కుదురుతుంది. నేను ఏడాదికో ఫైలు పెడతాను, అదీ ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా. నాన్న కొత్త లెక్కల పుస్తకం తెరిచేదీ అప్పుడే, మాకు అప్రైజల్ ఫారం వచ్చేదీ ఇంచుమించు అప్పుడే. "ఈ ఏడాది మీరు సాధించినవి రాయండి" అని ఖాళీ పెట్టె ముందుకొచ్చినప్పుడు జూన్‌లో ఏం చేశామో ఎవరికి గుర్తుంటుంది? ఫైలు తెరిచి పై నుంచి కిందకి ఒకసారి చదివితే ఆ పెట్టె అరగంటలో నిండుతుంది.

చూసింది వేరు, అనుకున్నది వేరు

ఫైలు పెట్టడం పెద్ద విషయమేం కాదు, అందులో ఏం రాస్తారన్నదే అసలు సంగతి. చాలామంది పని అయిపోయాక రాస్తారు: "ఫలానా బగ్ ఫిక్స్ చేశాను". దాని వల్ల టీమ్ రోజువారీ మీటింగ్ అయిన స్టాండప్‌లో చెప్పడానికి ఒక లైను దొరుకుతుంది తప్ప ఇంకేం లాభం లేదు. పని జరుగుతుండగా రాయాలి, ముఖ్యంగా ఇంకా ఏమీ తేలనప్పుడు రాయాలి. నేను నాలుగు మాటలు వాడతాను. చూసింది, అనుకుంటున్నది, చేసింది, అయింది. మొదటి రెండూ కలిసిపోకుండా చూసుకుంటే మిగతావి వాటంతట అవే వస్తాయి.

నా ఫైల్లోంచి ఒక పూట, కొంచెం సర్ది ఇక్కడ పెడుతున్నాను. ఒక క్లయింట్ పార్సిళ్ళ మీద అంటించే లేబుల్ ప్రోగ్రాం అది.

2021-08-03
11:20 చూసింది: లేబుల్ మీద "లక్ష్మీనరసింహ" బదులు "లక్ష్మ" అని పడింది, పక్కన నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం. "రవి" బాగానే వచ్చింది.
11:25 అనుకుంటున్నది: ప్రింటర్‌లో తెలుగు ఫాంట్ సరిగ్గా లేదు.
11:50 చేసింది: ఫాంట్ మార్చాను. అయింది: ఏమీ మారలేదు.
12:10 చూసింది: "వెంకటేశ్వర్లు" కూడా తెగింది. "వెంకటే" దాకా వచ్చి మళ్ళీ అదే డైమండ్. ఇంగ్లిష్ పేర్లు 20 అక్షరాల దాకా బాగానే వస్తున్నాయి.
12:15 అనుకుంటున్నది: ఫాంట్ గొడవ కాదు. పొడుగు గొడవ. 20 అన్న అంకె ఎక్కడో ఉంది.

12:10 దగ్గర రాసిన లైను లేకపోతే నేను మధ్యాహ్నమంతా ఫాంట్ల చుట్టూ తిరిగేవాణ్ణి. "ఫాంట్ సమస్య" అని మాత్రమే రాసుకుని ఉంటే నా ఊహే నాకు సాక్ష్యమైపోయేది. చూసింది విడిగా ఉంది కాబట్టి, రెండు పేర్లూ ఎక్కడ తెగాయో పక్కపక్కన పెట్టి వేళ్ళతో లెక్కపెట్టగలిగాను.

ఆ లెక్క ఇది. మనకి కంటికి "లక్ష్మీనరసింహ" ఆరక్షరాలు. కంప్యూటర్‌కి అవి పదమూడు ముక్కలు, ఎందుకంటే అన్ని భాషల లిపులకీ నంబర్లిచ్చే యూనికోడ్‌లో ఒత్తుకి ముందు పొల్లు విడిగా ఉంటుంది, గుణింతపు గుర్తు విడిగా ఉంటుంది, సున్నా విడిగా ఉంటుంది. ఆ ముక్కల్ని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు ముక్కకి 3 బైట్లు, అంటే మొత్తం 39. ఎవరో ఎప్పుడో రాసిన ఫంక్షన్ పేరుని 20 బైట్ల దగ్గర కత్తిరిస్తోంది. ఇంగ్లిష్‌లో అక్షరానికి ఒక బైటే కాబట్టి రాసినాయనకి తేడా కనపడలేదు. ఇరవైని మూడుతో భాగిస్తే ఆరు, శేషం రెండు. ల, క, పొల్లు, ష, పొల్లు, మ, ఇక్కడికి ఆరు ముక్కలయ్యాయి. ఏడోది గుడి దీర్ఘం, దాని మూడు బైట్లలో రెండే లోపలికొచ్చాయి, మూడోది బయట ఉండిపోయింది. ఆ విరిగిన రెండు బైట్లే డైమండ్‌లో ప్రశ్నార్థకం. "వెంకటే" కూడా సరిగ్గా ఆరు ముక్కలే, కావాలంటే మీరూ లెక్కపెట్టి చూడండి.

బైట్లు మానేసి ముక్కలు లెక్కపెట్టి కత్తిరిస్తే సరిపోతుందా అంటే, డైమండ్ పోతుంది కానీ పేరు పొల్లు మీద ఆగి "లక్" అనో "లక్ష్" అనో మిగలొచ్చు. కంటికి కనిపించే అక్షరాల లెక్కన కత్తిరించే లైబ్రరీ (ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్) వాడాలి. అందులోనూ ఒక మెలిక ఉంది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1కి ముందున్న నియమాల ప్రకారం "క్ష్మీ"ని ఒక అక్షరంగా చూడరు, క్, ష్, మీ అని మూడుగా విడగొడతారు. మీ లైబ్రరీ అంతకన్నా పాతదైతే ఒత్తుల దగ్గర తెగుతూనే ఉంటుంది. మేం 2021లో తెలివిగా ఏం చేయలేదు, 20ని 200 చేసి ఇంటికెళ్ళాం.

కొత్తగా చేరిన కుర్రాడొకడు మొన్న నా సీటు దగ్గరికొచ్చి "అన్నా, లాగిన్ పని చేయట్లేదు" అన్నాడు. "ఏం కనపడింది తమ్ముడూ?" అంటే "టోకెన్ ఎక్స్‌పైర్ అయినట్టుందన్నా" అన్నాడు. నేనడిగింది ఏం కనపడిందని, వాడు చెప్పింది ఏం అనుకున్నాడని. నేనూ ఐదేళ్ళ క్రితం దాకా అలాగే చెప్పేవాణ్ణి కాబట్టి వాణ్ణేం అనలేదు, ఫైలు ఒకటి తెరిపించి రెండు లైన్లు విడివిడిగా రాయించాను. ఎర్రర్ మెసేజ్ అక్షరం పొల్లుపోకుండా కాపీ చేయమన్నాను. కాపీ చేస్తున్నప్పుడే మొదటిసారి పూర్తిగా చదివాడు, తను కొట్టింది టెస్ట్ సర్వర్ అడ్రస్ అని తెలిసింది, థాంక్సన్నా అని వెళ్ళిపోయాడు.

ఈ చూసింది రాసే అలవాటు మన ఫీల్డులో పాతదే. 1947 సెప్టెంబర్ 9న హార్వర్డ్‌లో మార్క్ 2 అనే పాతకాలపు కంప్యూటర్ రిలేలో (కరెంటు స్విచ్ లాంటిది) ఒక చిమ్మట దొరికితే, ఆపరేటర్లు దాన్ని తీసి లాగ్ పుస్తకంలో టైముతో సహా టేపు వేసి అంటించారు. తప్పుకి బగ్ (పురుగు) అన్న మాట అంతకు ముందు నుంచీ ఇంజినీర్లు వాడుతున్నదే, ఆ రోజు పుట్టలేదు. ఆ పేజీ ఇప్పటికీ స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది, పురుగుతో సహా. చూసింది రాయడమంటే అంతకన్నా బాగా ఎవరు రాస్తారు!

ఏ భాషలో రాయాలి

ఎర్రర్లు, కమాండ్లు, ఫైలు పేర్లు ఉన్నవి ఉన్నట్టు ఇంగ్లిష్‌లో అతికించండి. మిగతాది మీకు ఏ భాషలో ఆలోచన తడితే ఆ భాషలో. నేను తెలుగు లిపిలోనే రాస్తాను, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ నేర్చుకోవడానికి రెండు వారాలు పట్టింది. అంత ఓపిక లేకపోతే ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగులోకి మార్చే లేఖిని ఉంది, ఫోన్లో ఎటూ జీబోర్డ్ ఉంది. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాయడం మాత్రం వద్దు, నేను ఏడాది రాసి ఏడ్చాను. "చెయ్యాలి" అన్న మాటని సోమవారం ఒక స్పెల్లింగ్‌తో, మంగళవారం ఇంకో స్పెల్లింగ్‌తో కొడతాం, వెతికితే ఒక్కటీ దొరకదు.

తెలుగు లిపిలోనూ వెతుకులాటలో ఒక గొయ్యి ఉంది. "సాఫ్ట్‌వేర్" అన్న మాటలో ట్ కింద వ ఒత్తు పడకుండా ఉండాలంటే మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తు పెట్టాలి. కొన్ని కీబోర్డులు అది పెడతాయి, కొన్ని పెట్టవు. ఫాంట్‌ని బట్టి రెండూ చూడ్డానికి దాదాపు ఒకేలా ఉండొచ్చు కూడా, కానీ కంప్యూటర్‌కి అవి రెండు వేరే మాటలు. అందుకని నేను రేపు వెతుక్కోవాల్సిన మాటల్ని లైను చివర చిన్నగా, ఒత్తుల గొడవ లేని పొట్టి తెలుగు మాటల్లో వేస్తాను: పొడుగు, గడియారం, గేటు, తాళం. సర్టిఫికెట్లు, పాస్‌వర్డ్‌లతో వచ్చిన గొడవలన్నీ (అసలు పాస్‌వర్డ్‌లు కాదు) నా ఫైల్లో "తాళం" కిందే ఉంటాయి.

ఆవర్జా

చిట్టా ఒక్కటే ఉంటే నెల తిరిగేసరికి అది పాత పేపర్ల కట్ట. శుక్రవారం సాయంత్రం ఇరవై నిమిషాలు పెట్టుకుని వారం చిట్టా చదివి, మళ్ళీ పనికొచ్చేదాన్ని మాత్రమే రెండో ఫైల్లోకి ఎక్కించండి. రోజూ ఎక్కించడం నాన్నకి కుదిరింది, నాకు కుదరలేదు. ఆవర్జాలో తేదీల వరస ఉండదు, పద్దులుంటాయి. నాకిప్పటికి ముప్పై దాకా ఉన్నాయి, రోజూ తెరిచేవి మూడు నాలుగే.

"పొడుగు" పద్దులో పై లక్ష్మీనరసింహుడి కథ రెండు లైన్లలో ఉంది, కింద ఎస్సెమ్మెస్ లెక్క ఉంది: ఒక మెసేజ్‌లో ఇంగ్లిష్ అయితే 160 అక్షరాలు, తెలుగైతే 70 ముక్కలే, అది దాటి రెండు మెసేజ్‌లైతే ఒక్కోదానికి 67. ఓటీపీ మెసేజ్ తెలుగులో పంపిద్దామని మీటింగ్‌లో ఎవరన్నా అంటే నేను వెంటనే ఖర్చు చెప్పేది ఈ పేజీ చూసే.

"గడియారం" పద్దు నా పరువు పోయిన చోటు. ఉదయం 9 గంటలకి వెళ్ళాల్సిన రిపోర్టుకి, చెప్పిన టైముకి పని నడిపే క్రాన్‌లో 9 అని పెట్టాను. సర్వర్ గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంది, మనం దానికన్నా ఐదున్నర గంటలు ముందుంటాం, రిపోర్టు మధ్యాహ్నం రెండున్నరకి వెళ్ళింది. పెట్టాల్సింది 3:30. దాని కిందే ఇంకో లైను: అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకి, నవంబర్ మొదటి ఆదివారం గంట వెనక్కి. న్యూయార్క్ టీమ్ వాళ్ళ ఉదయం 11 గంటల కాల్ మనకి ఎండాకాలం రాత్రి 8:30, చలికాలం 9:30. ఏటా నవంబర్‌లో ఆ ఆదివారం మర్నాడు మా టీమ్‌లో సగం మంది గంట ముందే కాల్‌లో చేరి ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటూ కూర్చుంటారు.

"చేతులు కాలాక" అని ఇంకో పద్దు. గిట్‌లో హార్డ్ రీసెట్ (పాత స్థితికి వెనక్కి లాగే కమాండ్) కొట్టి కమిట్ పోగొట్టుకుంటే ముందు ఊపిరి పీల్చుకుని గిట్ తన కదలికలు రాసుకునే రీఫ్లాగ్ చూడండి. అలా విడిపోయిన కమిట్ల జాడ మామూలు సెట్టింగుల్లో 30 రోజులు, మిగతావి 90 రోజులు ఉంటాయి. కానీ కమిటే చేయని మార్పులు పోతే దాదాపు పోయినట్టే, ఆ పేజీలో వాటికి ఏ మందూ లేదు.

రాయకూడనివి

పాస్‌వర్డ్‌లు, టోకెన్లు, కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఈ ఫైల్లోకి రానివ్వకండి. ఎర్రర్ మెసేజ్ అతికించేటప్పుడు ఇవి దాంతో పాటు వచ్చేస్తాయి, అతికించాక ఒకసారి చూసి చెరిపేయాలి. ఆఫీసు చిట్టా ఆఫీసు ల్యాప్‌టాప్‌లోనే ఉండాలి. ఉద్యోగం మానేసే రోజు అది వాళ్ళదే, మీరు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్ళకూడదు. నేను ఒక కంపెనీ మానేసినప్పుడు మూడేళ్ళ చిట్టా అక్కడే వదిలేశాను, బాధేసింది. అందుకే సొంతానికి వేరే ఫైలు ఇంట్లో పెట్టుకున్నాను, అందులో ఏ కంపెనీకీ చెందని విషయాలుంటాయి. గడియారం లెక్కలు, గిట్ చిట్కాలు ఎవరి సొత్తూ కాదు కదా.

మనుషుల మీద కోపం కూడా రాయొద్దు. లేదా రాసి మర్నాడు చదివి తీసేయండి. స్క్రీన్ షేర్ చేసిన రోజున సరిగ్గా ఆ లైనే పైన ఉంటుంది.

ఇంటి చిట్టా

సొంత ఫైల్లో పని సంగతులు తక్కువే. ఎప్పుడు ల్యాప్‌టాప్ మూశాను, ఎంతసేపు నడిచాను, ఏం వండాను, టెర్రస్ మీద కుండీల సంగతి. ఇదంతా కూడా రాయాలా అంటే, నేనూ అలాగే అనుకున్నాను, బీరతీగ పెట్టేదాకా.

మేముండేది ఐదో అంతస్తు పైన. తీగ బాగా పాకింది, పసుపు పూలు విరగబూశాయి, పిందె ఒక్కటి నిలబడలేదు, వేలెడంత పెరిగి పండిపోయి రాలిపోయేది. తేనెటీగలు ఇంత ఎత్తుకి రావట్లేదేమో, మనమే మగపువ్వు కోసి ఆడపువ్వు మీద రాయాలని ఎక్కడో చదివాను. వెనక చిన్న కాయ ఉన్నది ఆడపువ్వు, గుర్తుపట్టడం తేలికే. రోజూ ఆఫీసుకి వెళ్ళేముందు ఏడింటికి ఎక్కి ఆ పని చేసేవాణ్ణి, చిట్టాలో రాసేవాణ్ణి. పది రోజులైనా ఫలితం లేదు. ఒక ఆదివారం అమ్మతో ఫోన్లో మాట్లాడుతూ ఫైల్లోని లైన్లు చదివి వినిపించాను. "ఉదయం 7, పువ్వు ముడుచుకుని ఉంది. ఉదయం 7, పువ్వు వాడినట్టుంది. ఉదయం 7, మళ్ళీ ముడుచుకునే ఉంది."

అమ్మ పక్కున నవ్వింది. "పొద్దున ముడుచుకోక ఏం చేస్తుందిరా? బీరపువ్వు సందెపూట కదా విచ్చుకునేది. పొద్దున పూసేది నేతిబీర. నువ్వెళ్ళేసరికి దాని పని అయిపోయి ఉంటుంది."

నేను "తెగులు వచ్చిందేమో" అని మాత్రమే రాసుకుని ఉంటే ఆవిడకి ఏం చదివి వినిపించేవాణ్ణి? వేపనూనె కొట్టమనేది, నేను కొట్టేవాణ్ణి. మర్నాటి నుంచి సాయంత్రం ఆరున్నరకి పైకెళ్ళడం మొదలుపెట్టాను. దానికోసం ఆఫీసులో ఆరుకల్లా లేవాల్సి వచ్చింది, ఆ టైములో పెట్టే మీటింగులకి రానని చెప్పాల్సి వచ్చింది, ఎవరూ ఏమీ అనలేదు. రెండు వారాల్లో మూడు కాయలు నిలబడ్డాయి. చిట్టాలో ఆ నెల ఇంకోటి కూడా కనిపించింది: ఆఫీసులో ఆరింటికి లేచిన రోజుల్లో రాత్రి తలనొప్పి అన్న మాట ఎక్కడా లేదు. దానికి బీరకాయ కారణమా, మానిటర్ ముందు తగ్గిన రెండు గంటలు కారణమా అన్నది ఇంకా "అనుకుంటున్నది" కిందే ఉంది.

మధ్యలో ఆగిపోతే

ఆగిపోతారు. పెళ్ళిళ్ళు, జ్వరాలు, రిలీజులు వస్తాయి. రాయని రోజుల్ని గుర్తు తెచ్చుకుని పూరించకండి, అలా రాసినవి సగం అబద్ధాలే అవుతాయి. ఖాళీగా వదిలేసి, తిరిగొచ్చిన రోజు తేదీ వేసి, కళ్ళ ముందు ఏముందో అది రాయండి. ఇక రోజు ముగించేటప్పుడు "రేపు" అని ఒక్క లైను తప్పకుండా పెట్టండి, పొద్దున మొదటి అరగంట ఆదా అవుతుంది. నాకు డెంగీ వచ్చిన ఏడాది ఫైల్లో పదకొండు రోజులు లేవు. ఖాళీకి ముందు చివరి లైను: "రేపు: లాగిన్ టెస్టులు రాయాలి." ఖాళీ తర్వాత మొదటి లైను: "చూసింది: లాగిన్ టెస్టులు రాసేసి ఉన్నాయి. ఎవరు రాశారో కనుక్కుని టీ ఇప్పించాలి."